స్టెఫ్కో సంతకం

లార్చ్ ఫాల్స్, ఒంటారియో
1986 అక్టోబరు 5

మా తల్లి పరాస్కాకి,

నీ కలంలో సిరా గడ్డకట్టిందా, లేక నా మీద అలిగావా? మే నెలలో రాసిన ఉత్తరానికి ఇంతవరకూ జవాబు లేదు. సరే, బుజ్జగించడానికి నాకిప్పుడు తీరిక లేదు. విషయం పెద్దది.

మనం హాకీ ఆడిన పాత మంచు రింక్ కప్పు మంచు బరువుకి కూలిందని రాశాను కదా, కొత్తది దాదాపు లేచిపోయింది. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా ఇరవై అడుగుల గోడ. ఆ గోడ మొత్తం మన జట్టు ముందు వరస ముగ్గురికి, అదే మన రంపం లైనుకి ఇచ్చేశారు. దాన్ని సింగారించే పని ఎవరికి అప్పజెప్పారో చెప్పుకో. ఆరేళ్ళు బెంచీ మీద కూర్చుని, మొత్తం కలిపి పదకొండు నిమిషాలు గోల్ కాసిన ఈ ఒజియాస్ బ్రీజ్‌బ్వాకి. ఆ పదకొండు నిమిషాల్లో నాలుగు గోల్స్ వదిలానని నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు. క్షవరానికొచ్చే ప్రతివాడూ ఆ పని చేస్తూనే ఉన్నాడు, నా చేతిలో కత్తి ఉందన్న భయం కూడా లేకుండా.

ముప్ఫై ఏళ్ళుగా నేను పోగేస్తుంటే మా ఆవిడ చెత్త అని తిట్టిన సామానంతా ఇప్పుడు అద్దాల బీరువాల్లోకి ఎక్కబోతోంది. ఎడమ వైపు ఆడిన తౌనో స్కేట్లున్నాయి. నడిమివాడు ఒరెల్ 1949 ఫైనల్లో విరగ్గొట్టిన కర్ర ఉంది. కుడి వైపు మీ అన్న స్టెఫ్కో వేసుకున్న ఉన్ని చొక్కా ఉంది, చిమటలు తినగా మిగిలినంత. ముగ్గురూ రంపం మిల్లు కూలీలే, ముగ్గురూ ఒక్కసారి మంచు మీదికి దిగారంటే అవతలివాళ్ళని నిలువునా కోసేసేవాళ్ళు. ఇప్పుడు ఒరెల్ ఒక్కడే మిగిలాడు, వాడూ చేతికర్రతో నడుస్తున్నాడు.

అన్నిటికంటే గొప్పవి ఆటగాళ్ళ ఫోటోలు. సిరప్ డబ్బా మీద చీటీ ఊడదీసి పంపితే కంపెనీవాళ్ళు తిరుగు టపాలో పంపేవారే, అవి. వాటి మీద సంతకాల కోసం జనం ఎగబడేవారు. నా దగ్గర మీ అన్నవే పదకొండున్నాయి, పదకొండింటి మీదా సంతకం ఉంది. ఏం దస్తూరీ తల్లీ అది. ఒంటి చేత్తో దుంగ లేపే మనిషి, కలం పడితే ముత్యాలే. మన బడి పంతులమ్మ చూసుంటే కళ్ళకద్దుకునేది.

నవంబరులో టొరంటో నుంచి ఒక నిపుణుడొచ్చి అన్నిటినీ పరీక్షిస్తాడు. అసలువని తేలితే కాగితం రాసిస్తాడు. నువ్వో రెండు ముక్కలు రాసి పంపు, ఇది మా అన్న చేతిరాతే అని. చెల్లెలి మాటకి విలువెక్కువ కదా. రింక్ ప్రారంభం మార్చి 14న. నువ్వు రావాలి. రాకపోతే విన్నిపెగ్ వచ్చి ఈడ్చుకొస్తాను.

నీ ఓజీ


విన్నిపెగ్, మానిటోబా
1986 అక్టోబరు 19

ఓజీకి,

అలగలేదయ్యా. నా మోకాళ్ళు, మా ఆయన షుగరు, చర్చి నేలమాళిగలో పిరహీలు, ఈ మూడూ కలిసి నన్ను కలం ముట్టుకోనివ్వలేదు. వారానికి నాలుగు వేల పిరహీలు చేస్తున్నాం. ముప్ఫై మంది ఆడవాళ్ళం బంగాళదుంప కూరి అంచులు నొక్కుతుంటాం, ముప్ఫై నోళ్ళూ ఒకేసారి ఆడుతుంటాయి. ఎవరి పిండి మందం, ఎవరిది పల్చన అన్న దాని మీద పోయిన గురువారం ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు. నేను ఇద్దరితోనూ మాట్లాడుతున్నానని ఇద్దరికీ నా మీద కోపం.

గోడ సంగతి విని చాలా సంతోషమేసింది. స్టెఫ్కో పోయి పదిహేనేళ్ళయింది, ఇంకా ఊరు తలుచుకుంటోందంటే కడుపు నిండినట్టుంది. చొక్కా చిమటలు తిన్నాయా? ఉన్ని బట్ట ఎలా దాచాలో తెలియకపోతే నన్నడగొచ్చు కదా. ముప్ఫై ఏళ్ళు దాచి పెట్టి పురుగులకి పెట్టావు.

సంతకాల గురించి నన్ను రాసిమ్మంటావేమిటి, నేనేమైనా కోర్టు గుమాస్తానా? నీ గోడ మీద గోల్స్ గురించి రాయి. ఆ ఫైనల్లో రింక్ చుట్టూ ఉన్న చెక్క గోడకి గుద్దుకుని పన్ను ఊడితే, దాన్ని మంచులో వెతుక్కుని గ్లౌజులో వేసుకుని మళ్ళీ ఆడాడు చూడు, అది రాయి. దస్తూరీదేముంది, ఎవరిదైనా ఒకటే.

మార్చి సంగతి మార్చిలో చూద్దాం. ఆ నిపుణుడి దగ్గర ఎక్కువ వాగకు. కోటు వేసుకున్న మనిషి కనిపిస్తే చాలు, నీ నోరాగదు.

పరాస్కా


లార్చ్ ఫాల్స్
1986 నవంబరు 16

మహారాణి గారికి,

నువ్వు రెండు ముక్కలు రాయకపోయినా పని అయిపోయింది. నిపుణుడొచ్చాడు. క్రంప్టన్ అని పేరు. మనిషి జానెడు, భూతద్దం పళ్ళెమంత. రెండు రోజులు మా షాపు వెనక గదిలో కూర్చుని ఒక్కొక్క ఫోటోనీ తిరగేసి మరగేసి చూశాడు. స్టెఫ్కోవి పదకొండూ ఒకే చేతివన్నాడు. ఇంత చక్కటి సంతకం ఆటగాళ్ళలో తను ఎక్కడా చూడలేదన్నాడు. ఛాతీ అంత ఉబ్బినా నా చొక్కా గుండీలు తెగలేదంటే మా ఆవిడ కుట్టిన కుట్టు గట్టిది.

ఒక తమాషా కూడా జరిగింది. హిల్యా గుర్తుందా, హిల్యా పుర్హొనెన్, అడవిలో దుంగలు కొట్టే క్యాంపులో వంటావిడ? ఎనభైకి ఒక్క ఏడాది తక్కువ, ఇప్పటికీ తన కట్టెలు తనే కొట్టుకుంటుంది. గోడ సంగతి విని తనూ ఒక స్టెఫ్కో ఫోటో తెచ్చిచ్చింది. క్యాంపు వంటింట్లో సిరప్ డబ్బాలకేం కొదవ, వాళ్ళ దగ్గర ఈ ఫోటోలు కట్టలకి కట్టలుండేవి. ప్రతిఫలం ఏమీ వద్దంది. కింద 'హిల్యా పుర్హొనెన్ ఇచ్చినది' అని చిన్న చీటీ అంటిస్తే చాలంది. స్టెఫ్కో తన ఎదురుగా కూర్చుని సంతకం చేశాడట. క్రంప్టన్ దాన్ని మిగతా పదకొండింటి పక్కనా పెట్టి ఒక్క నిమిషం చూసి అవతలకి తోశాడు. శుద్ధ దొంగ సంతకం అన్నాడు. చూస్తే నీకూ నవ్వొస్తుంది పరాస్కా. ఒక్కో అక్షరం ఒక్కో వైపుకి ఒరిగిపోయి పాత కంచె గుంజల్లా ఉన్నాయి. ముసలావిడ తనే గీసుకుని ఉంటుందని తేల్చాం.

ఊళ్ళో ఇలాంటివి దాగుతాయా. రొట్టెల కర్రతో సంతకం చేసిందని షాపులో ఎవడో అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫోటో చేతికిచ్చే ధైర్యం లేక పోస్టులో తిప్పి పంపాను. రెండు బుధవారాలుగా ఊరి హాల్లో అందరూ కలిసే కాఫీకి రావడం లేదావిడ. ముప్ఫై ఏళ్ళలో మానడం ఇదే మొదలట. జలుబు చేసిందేమోలే.

నిపుణుడి కాగితం జనవరికల్లా వస్తుంది. రైలు టిక్కెట్టు సంగతి చూసుకో.

ఓజీ


విన్నిపెగ్
1986 నవంబరు 30

ఓజీ,

హిల్యా గారికి జలుబు చెయ్యలేదు. ఆ మాత్రం తెలియనట్టు నాకు రాయకు.

ఆవిడని కూర్చోబెట్టి అడిగావా అసలు? పాతికేళ్ళు అడవిలో వంద మందికి వండి పెట్టిన మనిషి, నీ గోడ మీద చీటీ కోసం దొంగ సంతకం గీసిందని ఎలా అనుకున్నావు? అనుకున్నావు సరే, మొహం చూపించకుండా పోస్టులో పంపుతావా? ఆ పైన పదిమందిలో కూర్చుని నవ్వుతావా? పుట్టిన దగ్గర్నుంచి ఎదురింటి వాడివి కాబట్టి ఇంతటితో వదులుతున్నాను.

వెళ్ళి ఆవిడ గడప తొక్కు. ఫోటో బతిమాలి తీసుకుని, నకలు తీయించి నాకు పంపు. ఎందుకని అడక్కు.

పరాస్కా


లార్చ్ ఫాల్స్
1986 డిసెంబరు 14

పరాస్కాకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను తిట్టని ఉత్తరం లేదు గానీ, తిట్టులో నవ్వు లేకపోవడం ఇదే మొదటిసారి. నేనేదో హత్య చేసినట్టు రాశావు. అయినా నువ్వు చెప్పావు గనక వెళ్ళాను.

చెరువు ఒడ్డున ఆవిడ చెక్క ఇల్లు నీకు తెలుసు. మోకాలి లోతు మంచులో నడిచి తలుపు కొట్టాను. లోపలికి రమ్మంది, కాఫీ పోసింది, యాలకుల రొట్టె కోసి పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. నేను క్రంప్టన్ అన్నదీ, జనం అన్నదీ, నా తప్పేం లేదన్నట్టు చెప్పుకుంటూ పోయాను. అంతా విని ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టింది.

"స్టెఫ్కోయే రాశాడు. ఎలా రాశాడన్నది చెప్పను. చెప్పనని వాడికి మాటిచ్చాను" అంది.

పోయినవాడికిచ్చిన మాట ఇప్పుడెందుకమ్మా అన్నాను. మాట ఇచ్చింది నేను, నేనింకా పోలేదుగా అంది. రెండో రొట్టె ముక్క వదిలేసి ఫోటో అడిగి పుచ్చుకున్నాను. టౌన్ ఆఫీసులో నకలు తీయించి ఫోటో ఆవిడకి తిరిగిచ్చేశాను, ఈసారి చేతికే. నకలు ఇందులో పెట్టాను.

మాట అంటే ఏం మాట అయ్యుంటుంది పరాస్కా? నీకేమైనా తెలుసా?

ఒజియాస్


విన్నిపెగ్
1987 జనవరి 11

ఓజీకి,

మా చర్చి పాత పంచాంగం ప్రకారం మా క్రిస్మస్ మొన్న ఏడో తారీఖున అయిపోయింది. గోధుమ పాయసం చేశాను, అందరూ తిన్నారు, నాకు మాత్రం చేదుగా ఉంది. నువ్వు కుర్చీలో కూర్చుని చదువు.

నీ దగ్గరున్న పదకొండు సంతకాలూ నావి.

మా నాన్న చెయ్యి మిల్లులో పోయినప్పుడు స్టెఫ్కోకి తొమ్మిదేళ్ళు, నాకు ఆరు. ఇద్దరిలో ఒక్కరికే బడి. చెల్లికి చదువిష్టం, నాకు బెంచీ మీద కూర్చుంటే నడుం నొప్పి అని వాడే అమ్మతో చెప్పి మిల్లుకెళ్ళాడు. నడుం నొప్పి లేదూ పాడూ లేదు. వాడి వంతు చదువు కూడా నేనే చదువుకున్నాను ఓజీ. వాడికి తన పేరు కూడా రాయడం రాదు. సిగ్గుపడి చచ్చేవాడు. మీరంతా వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాక మరీ భయపడ్డాడు. ఫోటోలు సంచులకొద్దీ రావడం మొదలయ్యాక ఆదివారాలు నేను బల్ల దగ్గర కూర్చుని సంతకాలు చేసేదాన్ని, వాడు ఎదురుగా కూర్చుని బంగాళదుంపలు చెక్కేవాడు. మా పంతులమ్మ మెచ్చుకున్న దస్తూరీ అది, నువ్వన్నట్టు ముత్యాలే. నాకూ గర్వంగానే ఉండేది.

పెళ్ళయి ఇక్కడికొచ్చినా ఆగలేదు. నెలకో పార్సెల్ వచ్చేది. అందులో ఫోటోలూ, ఒక పొట్లంలో ఎండబెట్టిన పుట్టగొడుగులూ. ఉత్తరం ఉండేది కాదు, ఎలా ఉంటుంది. నేను సంతకాలు చేసి, అల్లిన మేజోళ్ళు పెట్టి తిప్పి పంపేదాన్ని. వాడు ఆట మానేసిన యాభై ఆరు దాకా అలాగే నడిచింది.

ఎవరికీ చెప్పనని ఒట్టు. అందుకే నువ్వు రాసిమ్మంటే తప్పించుకున్నాను. హిల్యా గారి సంగతి రాసినప్పుడు నా బుద్ధి ఎలా పనిచేసిందో కూడా విను. స్టెఫ్కోకి రాయడం రాదు గనక ఆవిడదీ దొంగదే, నావీ దొంగవే, ఇంక కదపడం దేనికి అనుకున్నాను, మనసొప్పక నకలు మాత్రం అడిగాను. నిన్ను అంతలేసి మాటలన్నాను గానీ నేను చేసింది నీకంటే అన్యాయం. తెలిసీ నోరు మూసుకున్నాను.

ఆవిడ మాటిచ్చానంది. ఆ మాట చదివినప్పటి నుంచి కాలు నిలవడం లేదు. నకలు పొద్దస్తమానం చూస్తున్నాను. రేపు ఆవిడకి ఫోన్ చేస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకు.

పరాస్కా


లార్చ్ ఫాల్స్
1987 జనవరి 25

పరాస్కా,

నీ ఉత్తరం వచ్చేసరికి కుర్చీలో మనిషి ఉన్నాడు. చదువుతూ చదువుతూ అతణ్ణి సగం గడ్డంతో వదిలేసి వెనక గదిలోకి వెళ్ళిపోయాను. పాపం అరగంట అలాగే కూర్చున్నాడు.

పదకొండూ నీవే. ఒకటో రెండో అంటే సర్దుకునేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళు నేను దేవుడి పటాల్లా తుడిచి పెట్టుకున్నవి నువ్వు పొయ్యి మీద సూపు మరుగుతుంటే గీసినవా?

అబద్ధమెందుకు, ఉత్తరం స్టవ్‌లో పడేద్దామనిపించింది. క్రంప్టన్ కాగితం వచ్చేసింది, ఎర్ర ముద్రతో సహా. నువ్వూ నేనూ నోరు మెదపకపోతే గోడ దివ్యంగా ఉంటుంది. ఒక్క ముసలావిడ కాఫీకి రాదు, అంతేగా అనుకున్నాను. అలా అనుకున్నాక రెండు రోజులు అద్దంలో నా మొహం చూసుకోలేకపోయాను. క్షవరం చేసేవాడికి అదెంత కష్టమో ఆలోచించు, నాలుగు గోడలకీ అద్దాలే.

తర్వాత ఒకటొకటీ గుర్తొచ్చాయి. ఊరూరా ఆడటానికి రైల్లో వెళ్ళేవాళ్ళం, హోటల్లో నా పక్కనే కూర్చునేవాడు. తినేవాటి పట్టీ చేతికిస్తే చూసినట్టే చూసి, ఓజీకి ఏదైతే నాకూ అదే అనేవాడు. నాకు దూడ కార్జం అంటే ప్రాణం, వాడికి వాసన పడదు. ఆరేళ్ళు నా పక్కన కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుని కార్జం తిన్నాడు పరాస్కా. రుచికి అనుకున్నాను నేను. ఇది గుర్తొచ్చి నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. ఒక్కసారి చెప్పి ఉంటే వాడికి కోడికూర చెప్పేవాణ్ణి కదా.

గుట్టు మీ అన్నది, ఇప్పుడు నీది. నువ్వు చెప్పమంటేనే చెబుతాను. కానీ హిల్యా ఫోటో మళ్ళీ గోడెక్కాలంటే, మిగతావి నువ్వు రాసినవని చెప్పడం తప్ప నాకింకో దారి కనిపించడం లేదు. ప్రారంభానికి ఏడు వారాలే ఉంది. ఆవిడ ఫోన్లో ఏమంది?

ఓజీ


విన్నిపెగ్
1987 ఫిబ్రవరి 8

ఓజీకి,

ముందొకసారి చేస్తే ఫోన్ పెట్టేసింది. లార్చ్ ఫాల్స్ నుంచి ఎగతాళికి ఎవరో చేశారనుకుందట. రెండోసారి పేరు చెప్పి, ఆ సంతకాలన్నీ నేనే చేశానని గబగబా అనేశాను. కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు వినిపించింది. తర్వాత, నీకు తెలిసే ఉందన్నమాట, అయితే నేను మాట తప్పినట్టు కాదులే అని మొదలెట్టింది.

యాభై ఒకటి జనవరిలో వాడి మోకాలు బెణికింది, జ్ఞాపకముందా? ఆరు వారాలు ఆడకూడదన్నారని క్యాంపు వంటింట్లో చిన్న పనికి పంపారు. అక్కడ ఒక రోజు సిరప్ డబ్బా తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తూ ఆవిడకి దొరికిపోయాడు. ఆవిడ నవ్వలేదు. ఆదివారం మధ్యాహ్నం, రొట్టెల పిండి ముద్ద పొంగేలోపు, బల్ల మీద పిండి చల్లి వేలితో అందులో ఒక అక్షరం గీసి చూపించిందట. వాడు దాన్ని దిద్దాడు. చెరిపేసి మళ్ళీ చల్లడం, మళ్ళీ దిద్దడం. ఆరు వారాలూ వాడి పేరొక్కటే. వెళ్ళే ముందు రోజు కలం పట్టుకుని, తన ఫోటో మీద నీలి సిరాతో సంతకం చేసి, ఆరే వరకూ ఊదుతూ కూర్చున్నాడట. ఇద్దరూ దాన్నే చూస్తూ ఉండిపోయారు, పొయ్యిలో రొట్టెలు మాడిపోయాయి. పాతికేళ్ళలో ఆవిడ మాడ్చినవి అవేనట.

అంటే అప్పటి నుంచీ వాడికి సంతకం వచ్చు. అయినా యాభై ఆరు దాకా నాకు పార్సెళ్ళు పంపుతూనే ఉన్నాడు. నాకు అర్థం కాక అడిగాను. నా పెళ్ళయిన ఏడాది వాడు ఆవిడ ఇంటికి వెళ్ళినప్పుడు ఆవిడా అదే అడిగిందట.

"సంతకం వచ్చిందని చెబితే పరాస్కా ఇంక ఫోటోలు పంపొద్దంటుంది. ఉత్తరం రాయడం నాకు రాదు. నెలనెలా దానికి ఏం పంపను?" అన్నాడట.

ఓజీ, ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన భయపడి డాక్టర్ని పిలవబోయాడు. ముప్ఫై ఏళ్ళు నేను వాణ్ణి కాపాడుతున్నాననుకున్నాను. కొత్త ఊళ్ళో లాండ్రీలో ఇస్త్రీ చేసుకుంటూ మనవాళ్ళెవరూ లేకుండా ఉన్నానని వాడు నన్ను చూసుకుంటున్నాడు. నాకు తెలియలేదు.

ఇంక దాచేదేం లేదు. మా అన్నకి చదువు రాదని రాయి. నేనే దొంగ సంతకాలు చేశానని రాయి. హిల్యా గారి ఫోటో మధ్యలో పెట్టు. వాడు రాయగలిగిన ఒక్క మాట అది, దాన్ని దొంగది అన్నారంటే నేను ఒప్పుకోను.

నేను మాత్రం రాలేను. మోకాళ్ళని అబద్ధం చెప్పను. జనం మొహం చూడలేను.

పరాస్కా


లార్చ్ ఫాల్స్
1987 మార్చి 16

దొంగ సంతకాల మహారాణికి,

మోకాళ్ళ మీద నెపం పెట్టకుండా నిజం చెప్పావు గనక ఈసారికి ఈడ్చుకు రాలేదు. కానీ చాలా పోగొట్టుకున్నావు.

ముందు చెయ్యాల్సిన పని ముందు చేశాను. పోయిన బుధవారం హిల్యా గారిని వెంటబెట్టుకుని హాలుకి తీసుకెళ్ళాను. రానంది. రాకపోతే గడప మీదే కూర్చుంటానన్నాను, మైనస్ ఇరవైలో. కోటు వేసుకుని బయల్దేరింది. అక్కడ నవ్వినవాళ్ళందరి ఎదుటా కుర్చీ ఎక్కి, ఈవిడ చెప్పింది అక్షరాలా నిజం, నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, నాది తప్పు అన్నాను. రొట్టెల కర్ర మాట అన్నవాడు లేచి ఆవిడ కప్పులో కాఫీ పోశాడు. ఆవిడ నన్ను కింది నుంచి పైకి చూసి, నీ గోల్ కీపింగ్ కంటే ఈ మాటే కాస్త నయంగా ఉంది అంది.

ప్రారంభానికి ఊరంతా వచ్చింది. గోడ మధ్యలో ఆ ఒక్క ఫోటో పెట్టాను. కింద చీటీ నేనే చదివాను. స్టెఫాన్ బొద్నారుక్ తన చేత్తో చేసిన సంతకం, ఆయన అక్షరాలు నేర్చింది క్యాంపు వంటింట్లో, హిల్యా పుర్హొనెన్ ఇచ్చినది, చుట్టూ ఉన్న పదకొండూ ఆయన చెల్లెలు పరాస్కా చేసినవి. చదివి జనం వైపు తిరిగాను. నా పక్కనున్న మిల్లు ముసలాయన టోపీ తీశాడు. నాకూ రాయడం రాదు అన్నాడు, ఆ మాట బయటికే అన్నాడు.

ఇంతలో ఒరెల్ పెళ్ళాం బ్లాన్ష్ మొహం కందగడ్డలా చేసుకుని ముందుకొచ్చింది. ఒరెల్ వద్దు వద్దని చేతికర్రతో సైగ చేస్తున్నాడు. వీడికి రాయడం వచ్చు గానీ బద్ధకం, వీడి సంతకాలన్నీ నేనే చేశాను అంది. ఇంక చూడు, కొత్త కప్పు కూడా కూలిపోతుందేమో అన్నంత నవ్వు. ఒరెల్ ఇంకా ఇంట్లో మాట్లాడటం లేదట.

క్రంప్టన్‌కి పోయిన నెలలోనే అసలు సంగతి రాస్తే వారం తిరక్కుండా జవాబిచ్చాడు. హిల్యా ఫోటో తను కొంటాడట, ధర ఆవిడ ఇష్టమట. ఆవిడ ఒక్క మాట చెప్పమంది: పరాస్కావి చాలా ఉన్నాయి, కావాలంటే అవి తీసుకోమను.

అసలు సంగతి ఇప్పుడు. అందరూ నిన్ను అడిగారు. పరాస్కా ఏది, పరాస్కా ఎందుకు రాలేదు అని. స్కూలు పిల్లలు నీ సంతకం కావాలన్నారు. స్టెఫ్కోది కాదు, నీది. సంతకం లేని స్టెఫ్కో ఫోటో ఒకటి నా దగ్గర మిగిలింది, ఇందులో పెట్టాను. కింద స్కేట్ల దగ్గర చోటుంది చూడు, అక్కడ నీ పేరు రాసి పంపు.

నీ ఓజీ


విన్నిపెగ్
1987 మార్చి 29

ఓజీకి,

ఫోటో అందింది. మా ఆయన్ని పక్కింటికి పంపేసి, బల్ల తుడిచి, కూర్చున్నాను. హిల్యా గారిని గడప దాటించావని చదివి నీ మీద ఉన్న కోపమంతా పోయింది, నీకీ మాట పదేపదే చెప్పను.

కలం తీసుకుంటే చెయ్యి దానంతట అదే వాడి పేరు మొదలెట్టబోయింది. గబుక్కున ఎత్తేశాను. ఆ పేరు కొన్ని వేలసార్లు రాసుంటాను, కళ్ళు మూసుకుని రాస్తాను. నా పేరు ఎవరూ ఎప్పుడూ అడగలేదు. లాండ్రీలో నంబరు, ఇక్కడ మా ఆయన ఇంటి పేరు. ఎలా మొదలెట్టాలో తోచలేదు. చల్లారిన టీ తాగాను, మళ్ళీ కూర్చున్నాను. అరవై మూడేళ్ళ దాన్ని, పంతులమ్మ చేత శభాష్ అనిపించుకున్నదాన్ని, నా పేరు దగ్గర తడబడ్డాను ఓజీ. మొదటి అక్షరం ఒక వైపుకి వాలింది, చివరిది ఇంకో వైపుకి.

ఇంకో ఫోటో ఉందేమో అడిగి మళ్ళీ చక్కగా రాద్దామనుకున్నాను. తర్వాత నకలు తీసి పక్కన పెట్టి చూసుకున్నాను. వద్దులే, ఇలాగే పంపుతున్నాను. వాడి దాని పక్కనే పెట్టు. మంచు కరగ్గానే రైలెక్కి వస్తాను. అప్పటిదాకా ఆ రెండూ చూసినవాళ్ళని అడుగు, ఒక్క ఇంటి పిల్లల రాతేనంటారు.

పరాస్కా బొద్నారుక్